కంట్రోలరు పెద్దయ్య వాచీ

మా షాపులో గాజు కౌంటరు కింది సొరుగులో ఒక స్మార్ట్‌వాచీ ఉంది. అది అమ్మకానికి కాదు, కంట్రోలరు పెద్దయ్యది. ఆయన కూతురు దాచమని ఇచ్చి వెళ్లింది. మొన్న సొరుగు సర్దుతుంటే చేతికి తగిలింది, ఊరికే చార్జింగ్ పెట్టి చూశాను. తెర వెలిగింది గానీ టైము రాలేదు. దానికంటే ముందు ఒక వాక్యం వచ్చింది: కొత్త అప్‌డేట్ సిద్ధంగా ఉంది, ఇప్పుడే చేయమంటారా? మనిషి పోయి వానాకాలం దాటిపోయింది, పెట్టుకునే చెయ్యి మట్టిలో ఉంది, దీనికి ఇంకా అప్‌డేట్ కావాలట. నాకు ముందు ఒళ్లు మండింది, తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత షాపులో మూలనున్న స్టూలు వైపు చూసి చాలాసేపు పని చేయలేకపోయాను.

పినపాకలో ఈ మొబైల్ షాపు నాది. బోర్డు మీద మా ఆయన పేరు ఉంటుంది గానీ స్క్రూడ్రైవరు పట్టేది నేనే. ఇక్కడ నెట్ సంగతి చెప్పాలంటే, గాలి గట్టిగా వీస్తే పోతుంది, వాన పడితే పోతుంది, రోడ్డు పక్కన ఎవరైనా గుంత తవ్వితే పోతుంది, మళ్లీ ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. ఈ అప్‌డేట్లు తయారుచేసేవాళ్లు ఎక్కడ కూర్చుని చేస్తారో నేను చూడలేదు. కరెంటు పోని చోట, నెట్ తెగని చోట కూర్చుంటారని మాత్రం ఒట్టేసి చెప్పగలను. వాళ్లకు 'కొద్ది నిమిషాలు' పట్టే పని మాకు పొద్దున మొదలుపెడితే పొద్దుగూకినా తెమలదు. మధ్యలో ఫోను పక్కకు జరిగినా, చార్జరు కదిలినా కథ మళ్లీ మొదటికి. తిట్లు మాత్రం కంపెనీకి కాదు, నాకు.

నన్ను తిట్టకుండా ఆ స్టూలు మీద కూర్చున్న మనిషి ఆయనొక్కడే. ఆయన వాచీనే తిట్టేవాడు. అదీ బస్సును తిట్టినట్టు.

"ఏంది బిడ్డా, ఇంక సగంల్నే ఉన్నదా? పొద్దుగాల గిక్కడనే ఉండె గదా. ఇంజను గిట్ల ఖరాబైందా ఏంది?"

ఆయన బస్టాండులో కంట్రోలరుగా చేసి రిటైరైన మనిషి. బస్సులను వరసలో పెట్టడం, విజిలేసి పంపడం, రాని బస్సుకు జనానికి జవాబు చెప్పడం ఆయన ఉద్యోగం. ఊరందరికీ కంట్రోలరు పెద్దయ్య. అసలు పేరు ఇక్కడ రాయను, రాసినా మావాళ్లు గుర్తుపట్టరు. రిటైరయ్యాక కూడా తాళాల గుత్తికి విజిల్ వేలాడుతూనే ఉండేది. ఇంకో అలవాటు, దేన్నయినా సాగనంపాలంటే అరచేత్తో రెండు దెబ్బలు వేసి "రైట్, పోనీ" అనడం. ఆటోను కొట్టేవాడు, గేదెను కొట్టేవాడు, మంచినీళ్ల ట్యాంకరును కొట్టేవాడు. నా షాపు నుంచి లేచేటప్పుడు నా గాజు కౌంటరును కొట్టేవాడు. నా ప్రాణం పోయి వచ్చేది.

ఆ వాచీ ఖమ్మంలో నర్సుగా చేసే ఆయన కూతురు కొనిచ్చింది. ఒకసారి ఛాతీలో నొప్పి వస్తే ఆ పిల్ల భయపడి, గుండె ఎలా కొట్టుకుంటుందో ఇందులో చూసుకో నాన్నా అని చేతికి కట్టి వెళ్లింది. ఆయన గుండె సంగతి ఒక్కనాడూ చూసుకోలేదు. టైము మాత్రం మాటమాటకూ చూసుకునేవాడు. చావి తిప్పే పాత వాచీని కడిగిన దస్తీలో చుట్టి ట్రంకుపెట్టెలో దాచాడు. స్మార్ట్‌వాచీ అప్‌డేట్ అడిగినప్పుడల్లా తన ఊళ్లో నెట్ చాలక, శనివారం నా షాపుకు వచ్చేవాడు. అప్‌డేట్ దిగడానికి పొద్దంతా పడుతుంది, అందుకే వాచీ తీసి చార్జింగులో పెట్టాలి. వాచీ తీసిన చోట ఆయన మణికట్టు తెల్లగా ఉండేది. ఆ తెల్లటి పట్టీని రెండో చేత్తో రుద్దుకుంటూ, చొక్కా లేకుండా బజారుకొచ్చిన మనిషిలా ముడుచుకుని కూర్చునేవాడు.

ఒకరోజు షాపులో ఎవరో రీచార్జి పడలేదని నా మీద గొంతు లేపారు. "వస్తుంది, ఆగండి" అన్నాను, ఎప్పుడూ అనే మాటే. అతను వెళ్లాక పెద్దయ్య నన్ను దగ్గరికి పిలిచాడు.

"వస్తదని ఉత్తగ చెప్పొద్దు బిడ్డా. ఎక్కడున్నదో చెప్పాలె. బండి పంచరైంది, ఫలానా కాడ ఆగింది, ఇంకో గంట పడ్తదని చెప్పిన రోజు నన్ను ఒక్కడు తిట్టలే. కూసొని శనక్కాయలు తిన్నరు. వస్తది వస్తదని అబద్ధం చెప్పిన రోజు మాత్రం కాలర్ పట్టుకున్నరు." అని వాచీ వైపు చూపించాడు. "దీనికి గా సంగతి తెల్వదు. కొద్ది నిమిషాలంటది. పొద్దంత గదే అంటది. నా కింద పనిచేస్తే ఎన్నడో మెమో ఇస్తుంటి."

నాకు ఆ మాట నచ్చింది. అప్పటినుంచి నా షాపులో 'వస్తుంది, ఆగండి' అనడం మానేశాను. నెట్ తెగిందంటే తెగిందని చెబుతాను. ఇప్పుడు తిట్లు కొంచెం తగ్గాయి.

ఇక ఆయనకు టైముతో అంత పని ఏమిటో చెప్పాలి. మా చర్చి పెద్దయ్య ఊళ్లోనే, అడవి అంచున, రోడ్డు మీదే ఉంటుంది. ఆదివారం ఆరాధనకు సగం మంది లోపలి ఊళ్ల నుంచి వస్తారు, ఎక్కువగా కోయ కుటుంబాలు. వాళ్లు తిరిగి పోవడానికి మధ్యాహ్నం ఒక బస్సు ఉంది. అది తప్పితే మళ్లీ పొద్దుగూకే వేళకే. పాస్టరుగారేమో వాక్యం మొదలుపెట్టాక బస్సు గుర్తుండే మనిషి కాదు, ఏ పాస్టరూ కాదు. అందుకని పెద్దయ్య రిటైరైన కొత్తలోనే మొదటి బెంచీ చివర కూర్చుని ఈ డ్యూటీ తన మీద వేసుకున్నాడు. టైము దగ్గరపడితే ఒక వేలు ఎత్తేవాడు, ఇక ముగించండని. టైమైపోతే అరచెయ్యి మొత్తం. అరచెయ్యి లేచిందంటే ఎవరైనా ఆమెన్ అనాల్సిందే. ఒకసారి ఖమ్మం నుంచి వచ్చిన పెద్ద ప్రసంగీకుడు ఆ చేతిని చూసి, ఎవరో పారవశ్యంలో చెయ్యెత్తి స్తుతిస్తున్నారనుకుని మరింత ఊపందుకున్నాడు. పెద్దయ్య లేచి నిలబడి రెండో చెయ్యి కూడా ఎత్తాడు. పాటల గుంపులో ఉన్న మేమంతా పాటల పుస్తకాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాం.

చర్చిలో గోడ గడియారం ఒకటి ఉండేదట. దాన్ని ఆయనే తీయించేశాడు.

"స్టాండుల ఒక్కటే గడియారం ఉండాలె. రెండుంటె రెండు టైములైతయ్. జనం కొట్లాడుకుంటరు" అనేవాడు.

ఫోన్లు తలుపు దగ్గర వెదురుబుట్టలో, స్విచ్చాఫ్ చేసి. ఆ రూలూ ఆయనదే. ఫోన్లు వచ్చాక చేతికి వాచీ కట్టుకునే అలవాటు మా దగ్గర ఎవరికీ మిగల్లేదు. అంటే, లోపల కూర్చున్న అందరి టైమూ ఆయన మణికట్టు మీదే. మీ వాచీ ఆగిపోతే ఎలా పెద్దయ్యా అని ఒకసారి అడిగాను.

"నా వాచీ ఆగదు" అన్నాడు. అంతే.

ఎండాకాలం ఒక శనివారం పెద్ద అప్‌డేట్ వచ్చింది. పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. కరెంటు రెండుసార్లు పోయింది. మధ్యాహ్నం అన్నం డబ్బా నా షాపులోనే విప్పాడు, నాకో ముద్ద పెట్టాడు. సాయంత్రానికి ఎట్టకేలకు డౌన్‌లోడ్ అయింది గానీ ఇన్‌స్టాల్ మిగిలింది. ఆయన ఊరికి బస్సు వచ్చేసింది.

"సామాను దిగింది పెద్దయ్యా, సర్దుకునేది మిగిలింది. రేపు ఆరాధన అయ్యాక చార్జింగులో పెట్టి చేద్దాం. అప్పటిదాకా దాన్ని ముట్టుకోకండి" అన్నాను.

"సర్దుకునేందుకు ఎంతసేపు పడ్తదట?"

తెర మీద 'కొద్ది నిమిషాలు' అని ఉంది. ఆయన అది చదివాడు. నా కౌంటరు మీద రెండు దెబ్బలు వేసి బస్సెక్కాడు.

మర్నాడు చర్చిలో ప్రత్యేకమైన ఆరాధన. లోపలి ఊరి నుంచి ఒక ముసలమ్మ, కోడలు, నెల నిండని చంటిపిల్లతో వచ్చారు, పిల్లను దేవుడికి ప్రతిష్ఠించడానికి. పాస్టరుగారు కొత్తగా వచ్చిన యువకుడు, మాట మంచిది, ఆ రోజు మరీ మంచిగా ఉంది. పాటల గుంపు జనానికి ఎదురుగా నిలబడుతుంది కాబట్టి నాకు పెద్దయ్య స్పష్టంగా కనిపిస్తున్నాడు. మేము పాట పాడుతుండగా వాచీ వెలిగింది, ఇన్‌స్టాల్ చేయమంటారా అని అడుగుతోంది కాబోలు. ఆయన చూశాడు. ఒక క్షణం ఆగాడు. వేలితో నొక్కాడు. ప్లాట్‌ఫారం మీది బస్సును సాగనంపిన తృప్తి ఆయన ముఖంలో కనిపించింది. అది సర్దుకునేదాకా టైము చూపించదని నాకు తెలుసు.

వాక్యం మొదలైంది. సాగింది. ఇంకా సాగింది. పెద్దయ్య వాచీని దులిపాడు, చొక్కాకు తుడిచాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు. చావి తిప్పే వాచీ అయితే చెవికి ఏదైనా చెప్పేది. నేను కళ్లతో అడిగాను, ఆయన తల అడ్డంగా ఊపాడు. వేలెత్తండి అని నేనే వేలు చూపించాను, మళ్లీ తల ఊపాడు. తెలియని టైమును చెప్పడం ఆయనకు చేతకాదు, అంచనాగా చెయ్యెత్తిన మనిషి కాదు ఆయన. పాస్టరుగారు మాటిమాటికీ ఆ చేతి వైపు చూసి, అది లేవకపోయేసరికి, పెద్దయ్యకే నచ్చిందంటే ఇంకేం అనుకుని కొత్త సంగతి ఎత్తుకున్నారు.

అప్పుడు రోడ్డు మీద బస్సు చప్పుడు వినిపించింది. ఆగిన చప్పుడు కాదు, పోయిన చప్పుడు. ఇన్నేళ్లూ బస్సు రాకముందే మావాళ్లు గేటు దగ్గర నిలబడి ఉండేవారు. గేటు ఖాళీగా కనిపిస్తే డ్రైవరు ఈ వారం ఆరాధన లేదనుకున్నాడు, బ్రేకు కూడా వేయలేదు. పెద్దయ్య పరుగెత్తాడు. తాళాల గుత్తిలోని విజిల్ నోట్లో పెట్టుకుని ఊదాడు. అది చర్చి లోపలికి కూడా వినిపించింది గానీ బస్సుకు వినిపించలేదు.

పాస్టరుగారు బైబిలు మూసి బయటికి వచ్చారు. "నాదే తప్పు పెద్దయ్యా, నేనే చూసుకోవాల్సింది" అన్నారు.

"మీది కాదయ్యగారూ. స్టాండు నాది" అన్నాడు పెద్దయ్య.

పెళ్లిళ్ల కాలం, ఉన్న ఆటోలన్నీ కిరాయికి పోయాయి. ఆ ఎండలో పసిగుడ్డుతో అడవి దారిన నడవడం అయ్యే పని కాదు. పెద్దయ్య భార్య, మేమంతా పెద్దమ్మ అని పిలిచే మనిషి, ఇంటికి పోయి పొయ్యి వెలిగించింది. చింతచిగురు పప్పు, అన్నం చర్చి వరండాలోకి వచ్చాయి. చంటిపిల్లకు అక్కడే చీరె ఉయ్యాల కట్టారు. అందరూ తిన్నారు, పడుకున్నారు, కబుర్లు చెప్పుకున్నారు. పెద్దయ్య మాత్రం తినలేదు, కూర్చోలేదు. గేటు దగ్గర ఎండలో నిలబడ్డాడు. గుండె నొప్పి మనిషని కూతురు కట్టిన వాచీ ఆ చేతికే ఉంది. నాకు కోపమూ దుఃఖమూ ఒకేసారి వచ్చాయి.

"లోపలికి రండి పెద్దయ్యా, బస్సు ఇప్పుడే రాదు కదా" అన్నాను.

"స్టాండుల పాసింజర్లు ఉండంగ కంట్రోలరు కూసుంటడా బిడ్డా?"

"మరి నొక్కొద్దని చెప్పాను కదా, ఎందుకు నొక్కారు?"

ఆయన తల దించుకున్నాడు. "సామానంత ఎక్కి ఉన్నది. బండి కదలకుంట నిలబడ్డది. పానం ఆగలే."

ముసలమ్మ వరండాలోంచి కేకేసింది. "కంట్రోలరయ్యా, నీ వాచీ గుడ నా లెక్కనే ముసల్దయింది. కూసుంటె లేస్తలేదు. రా, నువ్వన్న వచ్చి కూసో!" అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, కానీ కదల్లేదు. పెద్దమ్మే గొడుగు పట్టుకుని వెళ్లి ఆయన పక్కన నిలబడింది.

ఎండ వాలుతుండగా వాచీ గుర్రుమంది. అప్‌డేట్ పూర్తయింది, స్వాగతం అని రాసింది. టైము మాత్రం అర్ధరాత్రి చూపించింది, ఫోనుతో మళ్లీ కలిపేదాకా దానికి మన లోకం తెలియదు.

"వచ్చిందా నీ బండి?" అంది పెద్దమ్మ.

"జనమంత పోయేటప్పుడు వస్తే ఎవలికి?" అన్నాడాయన. ఆయన కళ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదలు.

సాయంత్రం బస్సు వచ్చింది. ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి ఎక్కించాడు. అందరు ఎక్కిన్రా, పిల్ల ఎక్కిందా అని రెండుసార్లు అడిగాడు. తర్వాత బస్సు పక్కన అరచేత్తో రెండు దెబ్బలు. "రైట్, పోనీ." అది మలుపు తిరిగాక ఇంటికి పోయి చల్లారిన అన్నం తిన్నాడని పెద్దమ్మ చెప్పింది.

సోమవారం షాపుకు వచ్చాడు. స్మార్ట్‌వాచీ గురించి కాదు. జేబులోంచి దస్తీ తీసి విప్పితే అందులో పాత వాచీ.

"దీని పట్టాకు ఇంకో బొక్క కొట్టు బిడ్డా. చిన్న చెయ్యికి సరిపోవాలె."

"ఎవరి చెయ్యికి?"

"మీ పెద్దమ్మ చెయ్యికి. డ్యూటీల రెండో కంట్రోలరు ఉండాలె. నేనే ఉంచుకోలే ఇన్ని రోజులు."

రెండు గడియారాలుంటే కొట్లాట అనేవారు కదా అని గుర్తు చేశాను. "అవ్. కొట్లాట పెట్టుకోనీ. జనం బస్సైతె ఎక్కుతరు" అన్నాడు. నా దగ్గర పట్టాలకు బొక్కలు కొట్టే పనిముట్టు లేదు. సోల్డరింగు మొన కాల్చి ఆ పాత తోలుకు ఒక బొక్క చేశాను. వాసనకు ఇద్దరం తుమ్మాం.

పెద్దమ్మ ఆడవాళ్ల వైపు మొదటి వరసలో కూర్చునేది. ఆ ఆదివారం నుంచి పెద్దయ్య వేలు ఎత్తేముందు అటు చూడటం మొదలుపెట్టాడు. ఆవిడ తన వాచీ చూసుకుని తల ఊపితేనే వేలు లేచేది. ఒక్కోసారి ఆయన తొందరపడితే ఆవిడ కనుబొమ్మలు ముడిచేది, లేవబోయిన వేలు చెవి గోక్కుంటున్నట్టు దిగిపోయేది. ఇన్నేండ్లు ఈయన చెప్పిన టైముకు వండిన, ఇప్పుడు నేను చెప్పిన టైముకు ఈయన చెయ్యి లేపుతడు అని నా షాపులో అందరి ముందూ అంది. పెద్దయ్య స్టూలు మీద మణికట్టు రుద్దుకుంటూ మురిసిపోయాడు. అవును, శనివారాలు రావడం మానలేదు. కూతురు కొనిచ్చింది కదా, అడిగినవన్నీ చేయించేవాడు. చర్చిలో మాత్రం ఏదీ నొక్కేవాడు కాదు.

మొన్నటి వానాకాలం మొదట్లో ఒక పొద్దున ఆయన నిద్ర లేవలేదు.

లోపలి ఊళ్లన్నీ కదిలి వచ్చాయి. చర్చి చాలక జనం వరండాలో, చెట్ల కింద నిలబడ్డారు. తలుపు దగ్గర వెదురుబుట్ట ఎప్పటిలాగే ఫోన్లతో నిండింది. ఎవరూ చెప్పకుండానే మొదటి బెంచీ చివరి చోటు ఖాళీగా వదిలేశారు. బల్ల మీద పెట్టె, పెట్టె తల దగ్గర కుర్చీలో పెద్దమ్మ, ఆమె భుజం మీద తల వాల్చి ఖమ్మం నుంచి వచ్చిన కూతురు. ముసలమ్మా కోడలూ వచ్చారు. ఆనాటి చంటిపిల్ల అప్పటికి నడక నేర్చింది, బెంచీల మధ్య తిరుగుతోంది.

ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. చివరికి పాస్టరుగారు లేచారు. ఆ వేలు గురించి చెప్పారు, రెండు చేతులెత్తిన రోజు గురించి చెప్పారు, జనం ఏడుస్తూనే నవ్వారు. ఒకటి ముగిసేలోపే ఇంకో సంగతి మొదలుపెడుతున్నారు. నేను పాటల గుంపులోంచి ఖాళీ చోటును చూస్తున్నాను. బస్సు టైము దగ్గర పడుతుందని నాకు లోపల ఎక్కడో తెలుస్తోంది. మట్టి వేయడం ఇంకా మిగిలే ఉంది. కానీ చావు దగ్గర పాస్టరుగారిని ఆపే ధైర్యం ఎవరికుంటుంది? నాకు లేదు.

పెద్దమ్మ కొంగు పక్కకు జరిపింది. మణికట్టు చూసుకుంది. కన్నీళ్లు అడ్డం వచ్చాయేమో, గాజు మీద బొటనవేలితో తుడిచి మళ్లీ చూసుకుంది. ఆ పాత తోలు పట్టా, నేను కాల్చి చేసిన బొక్క. తల ఎత్తకుండానే ఒక వేలు ఎత్తింది.

పాస్టరుగారు చూశారు. మాట తడబడింది. ఇంకో రెండు ముక్కలు చెప్పబోయారు. ఈసారి అరచెయ్యి మొత్తం లేచింది, పెట్టె మీదుగా.

"ఆమెన్" అన్నారాయన.

చర్చి వెనక సమాధుల తోటలో నల్లమట్టి తడిగా ఉంది. అందరం తలో పిడికెడు వేశాం. లోపలి ఊళ్లవాళ్లు అక్కడినుంచే గేటు వైపు నడిచారు. కూతురు తల్లి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, ఇంట్లకు పోదాం రా, నిలబడలేవు."

"ఆగు బిడ్డా. పాసింజర్లున్నరు ఇంకా."

చేతికున్న మట్టితోనే వెళ్లి గేటు దగ్గర నిలబడింది. బస్సు వచ్చి ఆగింది. ముసలమ్మ ఆమెను పట్టుకుని ఏడ్చి, ఎక్కింది. కోడలు ఎక్కింది.

"అందరు ఎక్కిన్రా? పిల్ల ఎక్కిందా?"

"ఎక్కినం పెద్దమ్మా."

పెద్దమ్మ బస్సు పక్కన అరచేత్తో రెండు దెబ్బలు వేసింది. రైట్, పోనీ అన్నట్టు పెదవులు కదిలాయి. బస్సు కదిలింది. ఎర్రటి రేకు మీద నల్లమట్టి చెయ్యి ఒకటి పడింది, బస్సు మలుపు తిరిగేదాకా అది కనిపిస్తూనే ఉంది.